కొవ్వును కరిగించే దాయాదులు

పెళ్లి భోజనాలయ్యాక పెరట్లో గిన్నెలు తోమడం చూసే ఉంటారు. సాంబారు గంగాళానికి రెండు బిందెల నీళ్ళు కుమ్మరిస్తే సరిపోతుంది. గారెలు వేయించిన మూకుడు దగ్గరికొచ్చేసరికే చిక్కంతా. ఎన్ని నీళ్ళు పోసినా నూనె పూసలు పూసలుగా పైకి తేలుతుంది, మళ్ళీ వెళ్ళి అంచుకే అంటుకుంటుంది. మా అమ్మమ్మ పొయ్యిలో బూడిద తీసి, తలంటుకు నానేసిన కుంకుడు పిప్పి కలిపి రుద్దేది. నురగ వచ్చిందంటే చాలు, నూనె పాలలా తెల్లబడి జారిపోయేది.

ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తిన్న ప్రతిసారీ మన పొట్టకు వచ్చే చిక్కు కూడా ఇదే. అన్నం, పప్పు నీళ్ళలో నానుతాయి. ఎంజైములు వాటిలోకి సులువుగా చొరబడతాయి. కొవ్వు నీటికి లొంగదు. దాన్ని లొంగదీసే ఎంజైములను లైపేజులు అంటారు. మన ఒంట్లో ఇవి ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఒక తాతకు పుట్టిన దాయాదుల్లా, ఉన్న పనిని తలా కాస్త పంచుకున్నాయి. ఆ పంపకాలు ఎలా జరిగాయన్నదే ఈ పూట మన ముచ్చట.

ముందు ఒకసారి పారిస్ వెళ్ళొద్దాం. 1840ల సంగతి. క్లోడ్ బెర్నార్డ్ అనే వైద్యుడి ప్రయోగశాలకు అంగడి నుంచి కుందేళ్ళు తెచ్చారు. బల్ల మీద పెట్టగానే అవి మూత్రం పోశాయి. ఇంకెవరైనా అయితే గుడ్డతో తుడిచేసి పనిలో పడేవారు. బెర్నార్డ్ ఆగి చూశాడు. గడ్డి తినే కుందేలు మూత్రం మామూలుగా మసకగా, క్షారగుణంతో ఉంటుంది. ఇది మాత్రం తేటగా, ఆమ్లంగా ఉంది. మాంసం తినే జంతువు మూత్రం అలా ఉంటుంది. కుందేలు మాంసం ఎప్పుడు తిన్నట్టు? ఆయనకు తట్టింది ఏమిటంటే, అంగడివాడు వాటికి చాలాసేపటి నుంచి మేత వేసి ఉండడు. పస్తున్న కుందేలు తన ఒంటి కండనే కరిగించుకు తింటోంది. అంటే ఆ పూటకు అది మాంసాహారి.

అనుకున్నది నిజమో కాదో చూడాలి కదా. గడ్డి వేశాడు, మూత్రం మసకబారింది. పస్తు పెట్టాడు, తేటపడింది. ఆఖరికి చల్లారిన ఉడికించిన ఎద్దు మాంసం తినిపించాడు. అప్పుడూ తేటగానే వచ్చింది. అక్కడితో ఆ ప్రశ్న తేలిపోయింది. కానీ మాంసం తిన్న ఆ కుందేలును కోసి చూసినప్పుడు, తాను వెతకనిది ఒకటి కంటపడింది. పేగు నుంచి కొవ్వును మోసుకుపోయే సన్నని నాళాలు ఉంటాయి. కొవ్వు అందితే అవి పాలు పోసినట్టు తెల్లబడతాయి. కుక్కలో అవి జఠరం దాటగానే తెల్లగా కనిపిస్తాయి. ఈ కుందేలులో పేగు మొదట్లో తెలుపు లేదు. జఠరం చివరి నుంచి సుమారు 30 సెంటీమీటర్లు, మన లెక్కలో ఓ అడుగు, దిగాకగానీ తెలుపు మొదలవలేదు.

కుందేలులో పైత్యనాళం జఠరం దాటగానే పేగులోకి తెరుచుకుంటుంది. క్లోమం నుంచి వచ్చే నాళం మాత్రం బాగా దిగువన తెరుచుకుంటుంది. తెలుపు మొదలైన చోటు సరిగ్గా అదే. అంటే పైత్యరసం ఒక్కటే తగిలినంత మేరా కొవ్వు కొవ్వుగానే ఉండిపోయింది. క్లోమరసం కలిసిన చోట కరిగింది. కుక్కలో ఈ రెండు నాళాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏది ఏ పని చేస్తోందో అంతవరకు విడదీసి చెప్పడం కుదరలేదు. 1856లో ఆయన క్లోమం మీద పెద్ద గ్రంథమే వేశాడు. ఒక మాట చెప్పకుండా దాటిపోవడం నాకు ఇష్టం లేదు. బతికున్న జంతువులను కోసిన ఆ ప్రయోగాలు చాలా క్రూరమైనవి. ఆయన భార్యే ఆ పనిని సహించలేక చివరికి విడిగా బతికింది.

బెర్నార్డ్ చూసిన ఆ క్లోమరసంలో ఉన్న ముఖ్యమైన పనివాడు క్లోమ లైపేజ్. 449 అమైనో ఆమ్లాల గొలుసు అది. 152వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కత్తికి పదునంతా అక్కడే. నెయ్యి అణువు ఎలా ఉంటుందంటే, గ్లిజరాల్ అనే పొట్టి కాడకు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాలు వేలాడుతూ ఉంటాయి. క్లోమ లైపేజ్ అటు చివరిదాన్నీ ఇటు చివరిదాన్నీ తెంపుతుంది, నడిమిదాన్ని వదిలేస్తుంది. అలా విడిపోయిన ముక్కలనే పేగు గోడ లోపలికి తీసుకుంటుంది.

కత్తి ఎప్పుడూ దూసి ఉంటే ప్రమాదం. 1990లో స్విట్జర్లండ్‌లోని బాసెల్ శాస్త్రజ్ఞులు మనిషి క్లోమ లైపేజ్ ఆకారాన్ని స్ఫటికాల సాయంతో బయటపెట్టారు. ఆ సెరీన్ మీద చిన్న మూత ఉన్నట్టు తేలింది. నీళ్ళలో తేలుతున్నంతసేపూ మూత మూసుకునే ఉంటుంది, నూనె చుక్క అంచు తగిలితే తెరుచుకుంటుంది. మరి కుంకుడు రసం లాంటి పైత్యం సంగతి? పైత్యం కొవ్వును చిన్నచిన్న బిందువులుగా విడగొట్టి మేలే చేస్తుంది. కానీ అదే పైత్యం నూనె బిందువు మీదికి ఎక్కిన లైపేజ్‌నూ జార్చేస్తుంది, మూకుడు మీద జిడ్డుతో పాటు తోమే చెయ్యీ జారినట్టు. అందుకే క్లోమం ఇంకో చిన్న ప్రొటీన్‌ను తోడుగా పంపుతుంది. దాని పేరు కోలైపేజ్. తనంతట తాను కొవ్వును కోయలేదు. లైపేజ్‌ను నూనె బిందువుకు లంగరు వేసి పట్టి ఉంచడమే దాని కొలువు. ఈ కోలైపేజ్ జన్యువును తీసేసిన ఎలుకల్లో పిల్లలు చాలా వరకు పుట్టిన కొత్తలోనే చచ్చిపోయాయి.

ఇక కుటుంబం సంగతి. మనిషి పదో క్రోమోజోము మీద క్లోమ లైపేజ్ జన్యువు ఒంటరిగా లేదు. పక్క పక్కనే దాన్ని పోలినవి ఇంకో మూడున్నాయి. ఒకే వీధిలో గోడలు పంచుకున్న నాలుగిళ్ళ లాంటి వరస. ఇలాంటి వరస కనిపిస్తే జన్యుశాస్త్రజ్ఞులకు విషయం అర్థమైపోతుంది. వెనకటికి కరణంగారు దస్తావేజుకు నకలు రాస్తూ పొరపాటున ఒకే పేరాను రెండుసార్లు రాసినట్టు, కణం కూడా ఒక్కోసారి ఒక జన్యువును రెండుసార్లు రాసేస్తుంది. మొదటిది పాత పని చేస్తూనే ఉంటుంది కాబట్టి రెండోది కాస్త చెడినా, మారినా జంతువు బతుకు ఆగదు. ఆ వెసులుబాటులో రెండోది కొత్త పని నేర్చుకోవచ్చు. 1970లో సుసుము ఓనో ఈ ఊహ మీద ఒక పుస్తకమే రాశాడు. అందులోని మాటలన్నీ నిలవలేదు గానీ, లైపేజుల విషయంలో మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది.

ఈ కుటుంబం ఎంత పాతదో తెలియాలంటే వంటింట్లో మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలను చూడండి. వాటి గుడ్డులో పచ్చసొనగా నిలవచేసే ప్రొటీన్లు ఈ లైపేజ్ వంశానివే. పదునైన ఆ సెరీన్ పోయింది, కోయడం మానేశాయి. పిల్ల ఈగకు తిండిగా మిగిలాయి. దూలం మీద గూడు కట్టే కందిరీగల విషంలోనూ ఇదే వంశపు ఎంజైము ఒకటి ఉంది. అది మన కణాల చుట్టూ ఉన్న కొవ్వు పొరనే కోస్తుంది. కందిరీగ కుట్టి చెయ్యి వాచినప్పుడు, ఆ విషంలో ఒక పాలు మన క్లోమానికి దూరపు చుట్టమని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు, సున్నం రాసుకుంటూ కూర్చున్నాను.

ఆ నాలుగిళ్ళ వరసలో నాకు బాగా ఇష్టమైనది రెండో సంబంధి అని పిలిచే లైపేజ్. శాస్త్రజ్ఞులు పేరు పెట్టడంలో పిసినారులు. క్లోమ లైపేజ్‌కు సంబంధించిన ప్రొటీన్లని ఒకటి, రెండు, మూడు అంకెలు వేసి ఊరుకున్నారు. రెండో దాని చేతివాటం వేరు. గడ్డిలో, ఆకుకూరల్లో నెయ్యి లాంటి కొవ్వు ఉండదు. ఆకుపచ్చదనాన్ని మోసే హరితరేణువుల పొరల్లో చక్కెర తగిలించిన కొవ్వు ఉంటుంది. దాన్ని గాలక్టోలిపిడ్ అంటారు. పచ్చిక బయళ్ళలో ఉన్న కొవ్వులో ఎక్కువ పాలు ఇదే. మన పెద్ద లైపేజ్ దీని జోలికి పోదు. రెండోది కోస్తుంది. గినీ పందిలో ఈ రెండో లైపేజ్ సెరీన్ మీది మూత బాగా పొట్టిగా కనబడింది. మూతకు ఇంత పొదుపెందుకంటే, అది చూసే కొవ్వు వేరు కాబట్టి కావచ్చు.

మరి గుర్రమూ గడ్డే తింటుంది, ఆవూ గడ్డే తింటుంది. గుర్రం క్లోమంలో ఈ రెండో లైపేజ్ దండిగా ఉంటుంది. ఆవు దీని మీద ఆధారపడదు. ఆవు గడ్డి ముందు పెద్ద పొట్టలో నానుతుంది. అక్కడ కోట్ల సూక్ష్మజీవులు ఆకు కొవ్వును ముందే కోసేస్తాయి. పేగుకు వచ్చేసరికి పని సగం అయిపోయి ఉంటుంది. ఆవు నెమరు వేస్తూ తీరిగ్గా కూర్చోవడం చూసి మనం సోమరితనం అనుకుంటాం. నిజానికి దాని క్లోమం చేయాల్సిన పనిని కూలికి ఇచ్చేసిందది.

మొదటి సంబంధి కథ ఇంకా చిత్రం. చూడ్డానికి అచ్చం అన్నలాగే ఉంటుంది, పదునైన సెరీన్ కూడా ఉన్నచోటే ఉంది. అయినా కోయదు. రెండంటే రెండు అమైనో ఆమ్లాలు మారి, కత్తి మొద్దుబారిపోయింది. మరి ఎందుకూ పనికిరాని ఈ జన్యువును ఇన్ని లక్షల ఏళ్ళు ఎందుకు మోస్తున్నట్టు? దాన్ని తీసేసిన ఎలుకలకు కొవ్వు పెరిగింది, ఇన్సులిన్ సరిగా పనిచేయలేదు. అంటే అది బ్రేకు లాంటిది కావచ్చు. కోలైపేజ్ అనే లంగరును తానే పట్టుకుని కూర్చుని, అన్నకు అందనివ్వకపోవచ్చు.

2019లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం, మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేస్తున్న నికొలాయ్ హెకర్, విరాగ్ శర్మ, మిఖాయెల్ హిల్లర్ క్షీరదాల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూశారు. గడ్డి, ఆకు తినే వంశాల్లో ఈ మొదటి సంబంధి జన్యువు మళ్ళీ మళ్ళీ చెడిపోయి కనిపించింది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వేరు వేరు వంశాల్లో, వేరు వేరు చోట్ల విరిగింది. కొవ్వు బొత్తిగా తక్కువున్న తిండి తినేవాడికి బ్రేకు ఎందుకు? దొరికిన కాస్తా దక్కాలి. నాకైతే ఈ పరిశోధన మొత్తంలో ముచ్చటేసింది ఇదే. పరిణామం అంటే కొత్తవి చేర్చుకుంటూ పోవడమని బళ్ళో చదువుకున్నాం. ఇక్కడ ఆవు తాతలు బాగుపడింది ఒకదాన్ని పోగొట్టుకుని.

మూడో సంబంధి గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు, ముందుకు పోదాం.

ఇంతవరకు చెప్పింది ఒక ఇంటిపేరు. అదే పదో క్రోమోజోము మీద కొంత దూరంలో ఇంకో ఇంటిపేరు వాళ్ళున్నారు. వీళ్ళు ఆమ్ల లైపేజులు, పులుపులో పనిచేసేవాళ్ళు. ఒకే ఊరే గానీ వంశం వేరు. వీరిలో ఒకడు జఠర లైపేజ్. ఇంకొకడు ప్రతి కణంలోనూ చెత్త సంచిలాంటి లైసోసోములో కూర్చుని కొవ్వును తరుగుతుంటాడు. వాడు పూర్తిగా లేకుండా పుట్టిన పిల్లలకు వోల్మన్ వ్యాధి వస్తుంది, కాలేయం కొవ్వుతో నిండిపోతుంది. ఇంకో ముగ్గురు చర్మపు పై పొరలో పనిచేస్తారు. తిండితో వాళ్ళకు సంబంధమే లేదు.

జఠర లైపేజ్ విషయంలో మన పాఠ్యపుస్తకాల మీద నాకో ఫిర్యాదుంది. నాలుక కింది గ్రంథుల్లో లైపేజ్ తయారవుతుందని, నోట్లోనే కొవ్వు అరగడం మొదలవుతుందని పిల్లలు బట్టీ పడుతున్నారు. అది ఎలుక సంగతి. ఎలుకలో ఈ జన్యువు నాలుక వెనక గ్రంథుల్లో పనిచేస్తుంది. దూడలో నాలుక మొదట్లో, గొంతులో. మనిషిలో మాత్రం జఠరం పైభాగం నుంచే వస్తుందని 1988లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు తేల్చారు. జన్యువు ఒకటే, అది మేలుకునే చోటు మాత్రం మూడు జంతువుల్లో మూడు రకాలు. ఎలుకను చదివి మనిషికి రాసేశాం, అంతే.

దూడ గొంతులోని ఆ ఎంజైముకు పొట్టి కొవ్వు ఆమ్లాలంటే ప్రీతి. ఆవు పాలలో బ్యూటిరిక్ ఆమ్లం ఉంటుంది కదా, పాత వెన్న నుంచి వచ్చే ఆ ఘాటు వాసన దానిదే. పాలు మింగుతుండగానే దూడ దాన్ని విడగొట్టేస్తుంది. ఇటలీవాళ్ళు దీన్ని వ్యాపారం చేసుకున్నారు. పాలు తాగిన దూడ, మేకపిల్ల, గొర్రెపిల్ల పొట్టలను ఆరబెట్టి, ముద్దగా నూరి పాలను తోడు పెట్టేందుకు వాడతారు. ప్రొవొలోనె, పెకొరీనొ లాంటి చీజ్‌లకు నాలుకను కొరికే ఘాటు అలా వచ్చిందే. మన జున్నుకు ఈ గొడవ లేదు, మనం ఆవు ఈనిన తొలి పాలతో సరిపెట్టుకుంటాం.

పాల దగ్గరికొచ్చాం కాబట్టి, అసలు క్షీరదాలకు ఆ పేరు తెచ్చిన పాల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. తల్లిపాలు తాగే బిడ్డకు శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. విచిత్రం ఏమిటంటే అప్పుడే పుట్టిన మనిషి బిడ్డ క్లోమంలో అసలు లైపేజ్, ఆ 449 అమైనో ఆమ్లాల పెద్దన్న, చాలా తక్కువగా ఉంటుంది. ఎలుక పిల్లలో అయితే పాలు మానే రోజులు దగ్గరపడేదాకా అతని జన్యువు నిద్ర లేవదు. ఆ లోటు తీర్చేది ఎవరు? జఠర లైపేజ్ కొంత. ఆకు కొవ్వు కోసే రెండో సంబంధి కొంత. అవును, గడ్డి కోసే ఆ చెయ్యే పసిపిల్లల్లో పాల కొవ్వునూ కోస్తుంది. దాన్ని తీసేసిన ఎలుక పిల్లలకు పాల కొవ్వు సరిగా ఒంటబట్టలేదు. ఇక మూడో సాయం తల్లి నుంచే వస్తుంది.

తల్లిపాలలోనే ఒక లైపేజ్ ఉంటుంది. పాలలో ఉన్నంతసేపూ మంచి నిద్రలో ఉంటుంది, లేకపోతే రొమ్ములోనే కొవ్వు కరిగిపోదూ. బిడ్డ పేగులో పైత్యం తగలగానే మేలుకుంటుంది. పెద్దన్న వదిలేసే నడిమి కొవ్వు ఆమ్లాన్ని కూడా ఇది తెంపుతుంది. మనిషి, గొరిల్లా, పిల్లి, కుక్క తమ పాలలో దీన్ని పోస్తాయి. ఆవు పోయదు. దీని ఇంటిపేరు మూడోది. నరాల్లో సందేశాన్ని ఆపే కోలినెస్టరేజ్ వంశం అది. పొలంలో పురుగుమందు కొట్టే రైతుకు ఒళ్ళు వణికి నోట నురగ వస్తే, ఆ మందు పట్టుకున్నది ఆ వంశపు పెద్దనే, అదీ సెరీన్ దగ్గరే.

ఈ పాల లైపేజ్ తోక కూడా ఒక వింత. పదకొండు అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది. మనిషిలో మామూలుగా 16 సార్లు, ఎలుక జాతిలో మూడు నాలుగు సార్లే. ఆ తోక రాసే చోట ఒక్క అక్షరం తప్పిపోయిన కుటుంబాలను 2006లో నార్వేలో గుర్తించారు. వాళ్ళకు మధుమేహం వంశపారంపర్యంగా వస్తోంది. ఎక్కడి పాలు, ఎక్కడి చక్కెర జబ్బు!

వేడికి ఈ ఎంజైము చచ్చిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం మన హైదరాబాదులోనూ తల్లిపాల బ్యాంకులు నడుస్తున్నాయి. దాతల పాలను అరగంటసేపు 62.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అంటురోగాల భయం ఉంది కాబట్టి అది తప్పదు. కానీ పాలతో పాటు వచ్చే ఈ సాయం బిడ్డకు దక్కదు. ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవడమే.

క్లోమ లైపేజ్‌కు మరికొందరు దాయాదులు పేగు మొహం కూడా చూడకుండా రక్తనాళాల గోడల మీద కాపలా ఉంటారు. భోంచేసిన కాసేపటికి రక్తంలోకి చేరిన కొవ్వును కోసి కండకు, కొవ్వు కణానికి అందిస్తారు. కొలెస్టరాల్ పరీక్షకు చాలా ల్యాబుల్లో పరగడుపున రమ్మనేది ఎందుకంటే, తిన్న కొవ్వు ఇంకా రక్తంలోనే తిరుగుతుంటే ట్రైగ్లిసరైడ్ల లెక్క పెరుగుతుంది. వీరిలో లైపోప్రొటీన్ లైపేజ్ పాలిచ్చే తల్లి రొమ్ములో విపరీతంగా పెరుగుతుంది. రక్తంలోని కొవ్వును పాలలోకి మళ్ళించే తూము అది. ఈ తూము ఎంత పెద్దది కావచ్చో ఉత్తర అట్లాంటిక్ మంచు మీద పిల్లలు పెట్టే హుడెడ్ సీల్‌ను చూస్తే తెలుస్తుంది. దాని పాలలో 60 శాతం దాకా కొవ్వే. మన గేదె పాలలో ఏడెనిమిది శాతం ఉంటేనే చిక్కనివని మురిసిపోతాం. ఆ సీల్ పిల్ల పాలు తాగేది నాలుగే నాలుగు రోజులు. అంతలో బరువు దాదాపు రెట్టింపవుతుంది. తర్వాత తల్లి సముద్రంలోకి దిగి వెళ్ళిపోతుంది, వెనక్కి రాదు.

మన పిల్లలకు అంత తొందర లేదు. మొదటి కొన్ని నెలలు తల్లి పంపిన ఎంజైముతో, జఠరంలోని దాంతో, ఆకు కోసే దాంతో నెట్టుకొస్తారు. ఈలోగా క్లోమంలో పెద్దన్న కొద్దికొద్దిగా పుంజుకుంటూ వస్తాడు. ఆరో నెల వస్తుంది. ఇంట్లో పీట వేసి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, బంగారు ఉంగరంతో పరమాన్నం నాలుకకు రాస్తారు. ఆ పరమాన్నంలో ఒక చుక్క నెయ్యి ఉంటుంది. అది బిడ్డ పేగులోకి దిగేసరికి అక్కడ లంగరు వేసుకుని, మూత తెరిచి ఒకరు సిద్ధంగా ఉంటారు.